ముప్పై ఒకటో రోజు

"నూట అరవై ఎనిమిదెక్కడ, యాభై నాలుగెక్కడ!"

పొద్దున లేచిన దగ్గర్నుంచి మా ఆడపడుచు చిట్టి ఈ మాట ఎన్నిసార్లు అందో లెక్కపెట్టడం నేను మానేశాను. ముందు గదిలో నేలమీద కూర్చుంది. నిన్నటి బట్టలే ఇంకా ఒంటిమీద ఉన్నాయి. ఒక పక్క మూడేళ్ళు తిండీ తిప్పలూ మానుకుని తయారుచేసిన చేతిపట్టీ, ఇంకో పక్క మా అత్తయ్య నోటుపుస్తకం.

నిన్న సాయంత్రం అత్తయ్య వంటింటి గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి పడిపోయినప్పుడు ఆ పట్టీ ఆవిడ చేతికే ఉంది. షుగరు నూట అరవై ఎనిమిది అని నిక్షేపంగా చూపిస్తోంది. వీధి చివరి డాక్టరు పరుగున వచ్చి వేలు పొడిచి చూస్తే యాభై నాలుగు! పంచదార నీళ్ళు పట్టించి, ఆవిడ కళ్ళు తెరిచాక, ఆయన మావైపు తిరిగి అన్న మాటలు నేనిక్కడ మళ్ళీ చెప్పను. మా ముగ్గురికీ అవి ఈ జన్మకి సరిపోతాయి.

సూది గుచ్చకుండా, రక్తం చుక్క తియ్యకుండా షుగరెంతో చెప్పే పట్టీ అది. అడుగున గోరంత గాజుకిటికీ ఉంటుంది. అందులోంచి వెలుతురు చర్మంలోకి వెళ్ళి తిరిగొచ్చి అంకె చెబుతుంది. అంతకు మించి అడిగితే నాకు తెలీదు. నేను దర్జీపని చేసేదాన్ని. దానికి గుడ్డ బెల్టు కుట్టడం వరకే నా వంతు.

ఈ మధ్యాహ్నం మూడింటికి పెద్దాసుపత్రిలో అయిదుగురు డాక్టర్లు కూర్చుని ఆ పట్టీ సంగతి తేలుస్తారు. వాళ్ళు ఊ అంటే రెండు వందలమంది రోగుల చేతికెక్కుతుంది. ఊహూ అంటే మూడేళ్ళ చాకిరీ అటకెక్కుతుంది. వాళ్ళకి చూపించడానికి చిట్టి దగ్గరున్న ఆధారమల్లా అత్తయ్య నోటుపుస్తకమే. తొంభై రోజులు, పొద్దునొకసారి, సాయంత్రమొకసారి, పట్టీ చెప్పిన అంకె ఒక గడిలో, వేలు పొడిచి చూసిన అంకె పక్క గడిలో.

"ఒక్కసారేగా తప్పింది," అన్నాడు మా ఆయన, సామాను సంచీ భుజానికి తగిలించుకుంటూ. ఆయన లిఫ్టు మెకానిక్కు. "తొంభై రోజుల్లో ఒకే ఒక్కసారి. ఆ ఆఖరి పేజీ చింపేసి వెళ్ళు. ఎవడడుగుతాడు?"

చిట్టి తలెత్తి చూసింది.

"నీ లిఫ్టు ఎనభై తొమ్మిది రోజులు సుబ్బరంగా తిరిగి తొంభయ్యో రోజు కింద పడిందనుకో. ఆ ఒక్కరోజు కాగితం చింపేసి జనాన్ని ఎక్కిస్తావా అన్నయ్యా?"

"లిఫ్టు వేరు, ఇది వేరు."

"ఏంటి వేరు?"

ఆయన సంచీ ఇంకో భుజానికి మార్చుకున్నాడు. "లిఫ్టుకి తాళ్ళుంటాయి," అన్నాడు.

నాకు నవ్వొచ్చింది. నవ్వే సమయం కాదని పాలగిన్నెలోకి చూస్తూ మింగేశాను.

"తప్పినందుక్కాదు నా ఏడుపు," అంది చిట్టి. "ఎందుకు తప్పిందో తెలీక. మొదట్లో రెండంకెలకీ పది, పదకొండు దాకా తేడా ఉండేది. పోనుపోను తగ్గిపోయి ఆరు దాటేదే కాదు. పట్టీ బాగుపడుతోందని ఎంత మురిసిపోయాను! అలాంటిది ఒక్కసారిగా నూట పద్నాలుగు తేడా ఏంటి? అమ్మ ప్రాణం మీదికొచ్చింది. అది నూట అరవై ఎనిమిదంటే నమ్మి, షుగరెక్కువుందని సగం భోజనం మానేసి, పైగా మాత్ర వేసుకుంది."

"అందుకే చెబుతున్నా, నువ్వసలు వెళ్ళకు మరి."

"వెళ్తాను. తొంభై రోజులూ చూపిస్తాను, నిన్నటిది కూడా."

"చూపించు! మూడేళ్ళు మట్టిలో కలుపుకో. నీకు నచ్చజెప్పడం నా వల్ల కాదు. మీ అమ్మ పోలికే వచ్చింది."

చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్ళిపోయాడు. ఆయనకి కోపమొస్తే తల్లి "మీ అమ్మ" అయిపోతుంది. ఆ కోపం ఎంతసేపు? రెండో వీధి మలుపు తిరిగేలోపు ఫోన్ చేసి, "అమ్మ పాలు తాగిందా?" అని నన్నడిగాడు.

పాలు తీసుకుని వెనక గదిలోకి వెళ్ళాను.

అత్తయ్య దిండుకి ఆనుకుని కూర్చుంది. ముప్పై నాలుగేళ్ళు బడిలో లెక్కలు చెప్పిన మనిషి. ఇప్పటికీ బజారులో ఆవిణ్ణి చూస్తే నడివయసువాళ్ళు కూడా చొక్కా గుండీ పెట్టుకుంటారు. ఏడో తరగతిలో మా ఆయన పక్కవాడికి తన పేపరు చూపిస్తే, కన్నకొడుకని కూడా చూడకుండా ఇద్దరికీ సున్నా వేసింది. చూసి రాసినవాడికీ సున్నా, చూపించినవాడికీ సున్నా. ఆ సున్నా గురించి మా ఆయన ఇప్పటికీ భోజనాల దగ్గర ఎత్తుతాడు. ఆవిడ ఇప్పటికీ ఒప్పుకోదు.

"తాగండి అత్తయ్యా. చల్లారిపోతాయి."

ఆవిడ చేతులు వణుకుతున్నాయి. గ్లాసు జారిపోతుందేమోనని నా చేతిని ఆవిడ చేతి మీద వేసి పట్టుకున్నాను. పాలు అయిపోయాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

చెప్పానుగా, నేను దర్జీపని చేసేదాన్ని. సూదిపోటు తిన్న వేలు ఎలా ఉంటుందో నాకు ఒకరు చెప్పక్కర్లేదు. కొస గరుకుగా, చిన్న చిన్న నల్లచుక్కలతో, నొక్కితే కాస్త మొండిగా ఉంటుంది. నావి అలాగే ఉంటాయి. తొంభై రోజులు రోజుకి రెండుసార్లు పొడిపించుకున్న వేళ్ళు అంతకన్నా గరుకుగా ఉండాలి.

అత్తయ్య వేళ్ళు మెత్తగా ఉన్నాయి.

ఒక్కో వేలూ తడిమి చూశాను. ఒక్క చుక్క లేదు. ఇటు చెయ్యి వదిలి అటు చెయ్యి పట్టుకున్నాను. అదీ అంతే. మణికట్టు దగ్గర ఒకప్పుడు ఎర్రగా కందిన చోటు కూడా పూర్తిగా మానిపోయింది.

"ఏంటమ్మాయ్, చెయ్యి చూసి జాతకం చెబుతున్నావా?" అంది ఆవిడ. నవ్వబోయింది. నా మొహం చూసి ఆగిపోయింది.

"వేళ్ళు పొడుచుకోవడం ఎప్పుడు మానేశారు అత్తయ్యా?"

ముందు గదిలో చిట్టి లాప్‌టాప్ మీద టకటకలాడిస్తోంది. అత్తయ్య తలుపువైపు చూసింది.

"మెల్లగా మాట్లాడు."

"ఎప్పుడు?"

"నెల దాటాక." ఆవిడ గొంతు బాగా తగ్గిపోయింది. "మొదటి ముప్పై రోజులూ పొడుచుకున్నాను. ఒట్టు. రెండు పూటలా. తర్వాత ఒకరోజు పట్టీ లేదు కదా. పట్టీ లేకపోతే పక్క గడి ఎందుకని ఆ రోజు పొడుచుకోలేదు. ఎంత హాయిగా ఉందనుకున్నావ్! ఎన్నాళ్ళకో చేత్తో గిన్నె తోమాను, మంట పుట్టలేదు. మర్నాడు పట్టీ మళ్ళీ వచ్చింది. సూది తీశాను, మనసు రాలేదు. ముప్పై రోజులు సరిగ్గా చెప్పిన యంత్రం ముప్పై రెండో రోజు తప్పు చెబుతుందా? నా కూతురు చేసింది. నేను నమ్మకపోతే ఎవరు నమ్ముతారు?"

"మరి పక్క గడిలో అంకెలు?"

ఆవిడ కళ్ళు దించుకుంది.

"పట్టీ చూసి రాశాను. ఓసారి నాలుగు కలిపాను, ఓసారి అయిదు తీసేశాను. అచ్చంగా అదే రాస్తే దొరికిపోతాం. కాపీ కొట్టే పిల్లలంతా నాకు అక్కడే దొరికేవాళ్ళు."

తిట్టాలనిపించింది. కౌగిలించుకోవాలనీ అనిపించింది. ఇంకో పక్క, ఇంత తెలివిగా చేసిందే అని కాస్త ఆశ్చర్యం కూడా వేసింది.

"మరి రక్తం చుక్క అద్దే స్ట్రిప్పులు? రోజుకి రెండు తగ్గాలి కదా."

ఆవిడ చూపు అలమర పైకి వెళ్ళింది. అక్కడ పాత రేకుడబ్బా ఉంది. బడిలో పని మానేసినప్పుడు పిల్లలు ఇచ్చిన రంగు సుద్దముక్కలు అందులో దాచుకుంది. తీసి చూస్తే సుద్దముక్కల కింద వాడని స్ట్రిప్పులు, వందకి పైనే.

"చిట్టికి చెప్పకు," అంది. "మూడు గంటల పని అయిపోనీ. తర్వాత నేనే చెబుతాను."

"అయిపోయాక చెబితే ఏముంటుంది అత్తయ్యా?"

"ఇప్పుడు చెబితే ఏం మిగులుతుంది దానికి?"

నా నోరు ఊరుకునే రకం కాదని ఈ ఇంట్లో అందరూ అంటారు. నిజమే. అలాంటిదాన్ని డబ్బా మూతపెట్టి, యథాస్థానంలో పెట్టేసి, ఖాళీ గ్లాసు పట్టుకుని ముందు గదిలోకి వచ్చాను.

చిట్టి నోటుపుస్తకం ఒళ్ళో పెట్టుకుని పేజీలు తిప్పుతోంది. అత్తయ్య రాత ముత్యాల్లా ఉంటుంది. ఏడు మధ్యలో చిన్న గీత పెడుతుంది, ఒకటిలా కనబడకూడదని.

"చూడు వదినా, ఒక్క కొట్టివేత లేదు," అంది. "అయిదుగురిలో ఒకాయన మహా చండశాసనుడట. ప్రతి అంకెనీ అనుమానిస్తాడట. అనుమానించనీ. ఆయన యంత్రాన్ని నమ్మకపోయినా మా అమ్మ రాతని నమ్మాల్సిందే."

గ్లాసు కడగాలని వంటింట్లోకి వెళ్ళాను. కడిగిన గ్లాసే మళ్ళీ కడిగాను. చెబితే పిల్ల కుప్పకూలిపోతుంది. చెప్పకపోతే రెండు వందలమంది చేతులకి ఆ పట్టీ ఎక్కుతుంది. వాళ్ళలో ఎంతమంది తల్లులో! వాళ్ళ వంటింటి గుమ్మాల దగ్గర ఎవరుంటారు?

గోడ పట్టుకుని నడిచొస్తున్న అడుగుల చప్పుడు వినబడింది.

"అమ్మా! ఎందుకు లేచావ్?" అని చిట్టి గాభరాగా లేచింది.

నేను వెళ్ళేసరికి అత్తయ్య ముందు గదిలోకి వచ్చేసింది. కుర్చీలో కూర్చుని చెయ్యి చాపింది. బడిలో పిల్లల దగ్గర పుస్తకం అడిగే తీరు అది. చిట్టి తనకి తెలియకుండానే నోటుపుస్తకం ఆ చేతిలో పెట్టింది.

అత్తయ్య జాకెట్టులోంచి ఎర్ర పెన్ను తీసింది.

ముప్పై రెండో రోజున్న పేజీ తిప్పింది. రెండో వరుస గళ్ళ మీద పైనుంచి కిందికి నిలువుగా ఎర్రగీత గీసింది. అడుగున సున్నా చుట్టింది. తర్వాతి పేజీ తిప్పింది. గీత, సున్నా. మళ్ళీ తిప్పింది. ప్రతి సున్నా గుండ్రంగానే వచ్చింది.

"ఏం చేస్తున్నావమ్మా?" చిట్టి గొంతు పీలగా వచ్చింది. "ఒరిజినల్ అది! ఒక్కటే ఉంది!"

"చూసి రాశానే," అంది అత్తయ్య, తలెత్తకుండా. "పొడుచుకోలేదు. పట్టీ చూసి రాశాను."

పేజీలు తిప్పడం ఆపలేదు. తొంభయ్యో రోజు దాకా వెళ్ళి, ఆఖరి సున్నా చుట్టి, పెన్ను మూతపెట్టి, పుస్తకం కూతురి చేతిలో పెట్టింది.

చిట్టి ఏడుస్తుందనుకున్నాను. అరుస్తుందనుకున్నాను. రెండూ చెయ్యలేదు. నేలమీద కూర్చుని ఆ ఎర్రసున్నాలకేసి చూస్తూ ఉండిపోయింది. కిటికీ బయట ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. ఆ బెల్లు వీధి చివరిదాకా వినబడింది.

"అందుకే ఆరు దాటలేదన్నమాట," అంది చివరికి.

"నన్ను తిట్టవే."

"నిన్నెలా తిడతాను?" చిట్టి కళ్ళు తుడుచుకుంది. "పట్టీ అంకె నీకు కనబడేలా పెట్టిందెవరు? నేనే. ముందు అది చూసి, తర్వాత వేలు పొడుచుకోమన్నదెవరు? నేనే. ఆ అంకె కనబడకుండా మూత పెట్టి ఇవ్వాల్సింది. చూపించినవాళ్ళకీ సున్నానేగా అమ్మా నీ లెక్కలో?"

అత్తయ్య మొహం ముడుచుకుపోయింది. ఆవిడ ఏడవడం నేనీ ఇంటికొచ్చాక అదే చూడటం. పైకి శబ్దం రాలేదు, భుజాలు మాత్రం కదిలాయి. చిట్టి మోకాళ్ళ మీద జరుగుతూ వెళ్ళి తల్లి ఒళ్ళో తలపెట్టుకుంది. నేను తలుపు పక్కన గోడకి చేరగిలబడి, వెళ్ళిపోవాలో ఉండాలో తెలియక అక్కడే నిలబడ్డాను.

ముందు లేచింది చిట్టే.

"చెయ్యి ఇటివ్వమ్మా. ఒక్కసారి. నొప్పి పుట్టకుండా పొడుస్తాను."

"పొడు. పదిసార్లు పొడు."

నేను రేకుడబ్బా తెచ్చిచ్చాను. సుద్దముక్కల కింద స్ట్రిప్పులు చూసి చిట్టి నావైపు ఒక చూపు చూసింది. వేలు పొడిచింది. నూట ముప్పై తొమ్మిది. పట్టీ చేతికి కట్టి రెండు నిమిషాలు ఆగింది. నూట తొంభై ఏడు.

"యాభై ఎనిమిది ఎక్కువ చెబుతోంది," అంది. విచిత్రంగా ఆ గొంతులో దిగులు లేదు. పొద్దున్నుంచి మొదటిసారి ఆ పిల్ల కళ్ళలో పాత వెలుగు కనిపించింది. పుస్తకం మొదటికి తిప్పింది. "ఈ ముప్పై రోజులూ నిజంగా పొడుచుకున్నావా? నామీద ఒట్టు?"

"నీమీద ఒట్టు."

"పదకొండు, రెండు, తొమ్మిది, అయిదు… ఇవీ నిజం అంకెలంటే! ఇలా ఎగుడుదిగుడుగానే ఉంటాయి. అంటే ముప్పై రోజులు పట్టీ పనిచేసింది వదినా! నిజంగా పనిచేసింది. తర్వాతే ఏదో అయింది." వేలితో గళ్ళు తడుముతూ కిందికి దిగింది. ఒకచోట ఆగింది. "ముప్పై ఒకటో రోజు ఖాళీ. రెండు గళ్ళూ ఖాళీ. ఆ రోజు పట్టీ నీ చేతికి లేదా అమ్మా? ఎక్కడుంది మరి?"

అత్తయ్య ఏదో చెప్పబోయి ఆగిపోయింది. నావైపు చూసింది. ఆ చూపులో మొదట ఏమీ లేదు. తర్వాత మెల్లగా ఏదో అర్థమవుతున్నట్టు కళ్ళు పెద్దవయ్యాయి.



ముప్పై ఒకటో రోజు పట్టీ నా కుట్టుమిషను సొరుగులో ఉంది.

బెల్టు ఒరుసుకుని అత్తయ్య మణికట్టు కందిపోయింది. చిట్టికి చెబితే బాధపడుతుందని ఆవిడ నాతో చెప్పింది. బెల్టు చిరిగిందని వంక పెట్టి పట్టీ తీసుకున్నాను. కొత్త బెల్టు చిట్టి ఇచ్చిన కొలతకే కుట్టాను. కానీ గాజుకిటికీ చుట్టూ, చర్మానికి తగిలేచోట, పలచటి స్పాంజి గుడ్డ ఒక వరుస వేశాను. పైన నల్లగుడ్డ కప్పాను. కుట్టు కనబడకుండా కుట్టడంలో నాకు పేరుంది. వారం తిరిగేసరికి ఆవిడ చెయ్యి మానిపోయింది. మంచిపని చేశానని లోలోపల పొంగిపోయాను కూడా.

మొదటిసారి కొలత కాగితం ఇచ్చినప్పుడు చిట్టి అన్న మాట ఇప్పుడు చెవిలో మోగుతోంది. "గాజు చర్మానికి అంటుకునే ఉండాలి వదినా. మధ్యలో దారప్పోగంత సందు కూడా ఉండకూడదు."

నిన్న అత్తయ్యని గుమ్మంలో పడేసింది పట్టీ కాదు. నా కుట్టు.

"వదినా?" చిట్టి నావైపు తిరిగింది. "నువ్వు బెల్టు మార్చింది ఆ రోజేనా? బెల్టేగా మార్చావ్? ఇంకేం ముట్టుకోలేదుగా?"

గడియారం ఒకటిన్నర చూపిస్తోంది. లేదంటే నమ్ముతుంది. నేనేం చెప్పినా నమ్ముతుంది. పట్టీలోనే లోపముందనుకుని, ఈ ఎర్రసున్నాలు పట్టుకుని ఆ అయిదుగురి ముందు ఒంటరిగా నిలబడి, నా యంత్రం పనికిరాదని తన నోటితోనే చెప్పి వస్తుంది.

మెడలో వేలాడుతున్న చిన్న కత్తెర చేతిలోకి తీసుకున్నాను. "పట్టీ ఇలా ఇవ్వు," అన్నాను. "కుట్లు విప్పాలి."

చిట్టి అర్థంకాక పట్టీ అందివ్వబోయింది. అత్తయ్య మధ్యలో చెయ్యి అడ్డం పెట్టింది. ఇందాకటి ఏడుపు ఆ మొహంలో లేదు. ముప్పై నాలుగేళ్ళు నల్లబల్ల ముందు నిలబడ్డ గొంతు అది.

"ముందు నోటితో చెప్పమ్మాయ్. విప్పడం తర్వాత."

ఎర్ర పెన్ను ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది.